స్విచ్ 2 కొనాలా? హైదరాబాద్‌లో ఇంట్లో వాడుతున్నవాళ్ళను అందరూ అడిగే ప్రశ్నలు

ఇంటికొచ్చిన చుట్టాలు, ఆఫీసోళ్ళు, తమ్ముడి కాలేజ్ ఫ్రెండ్స్ అందరూ నింటెండో స్విచ్ 2 (టీవీలోనూ, చేతిలో పట్టుకునీ ఆడే గేమ్ మెషిన్, దీన్నే కన్సోల్ అంటరు) గురించి ఇవే అడుగుతున్నరు, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. ఇంట్లో టీవీ ఒక్కటే ఉండి, మనుషులు నలుగురైదుగురు ఉండి, కలిసి ఆడే అలవాటు ఉంటే ఇది నిజంగా మంచి కన్సోల్. తలుపేసుకుని ఒక్కరే కూర్చుని గ్రాఫిక్స్ చూసి మురిసిపోవాలంటే మాత్రం ఆ డబ్బు వేరే దాని మీద పెట్టండి. నేను ఏది చెప్పినా ఈ లెక్కలోనే చెప్తున్నా అని గుర్తుపెట్టుకోండి.

ఇండియాలో అఫీషియల్‌గా దొరుకుతదా అన్నా?

లేదు. నింటెండో మన దగ్గర అఫీషియల్‌గా అమ్మట్లేదు. 2025 జూన్ 5న అమెరికా, జపాన్, యూరప్‌లల్ల రిలీజ్ అయింది, మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్మినం అని కంపెనీ చెప్పింది, సెప్టెంబర్ చివరికల్లా కోటి దాటింది. మనకు దారులు రెండే, ఒకటి బయటి దేశం నుంచి వచ్చే చుట్టాలు, రెండోది ఇంపోర్ట్ పీసులు తెచ్చి అమ్మే గేమింగ్ షాపులు. షాపులో కొనేటట్టయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు పోయి నాలుగు షాపుల్లో రేటు అడిగి, బాక్స్ మీద ఏ దేశం మోడలో చదివి, అప్పుడు డబ్బు తీయండి. మాకైతే బావ డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిండు.

మొత్తం ఎంత పడ్తది? నిజం చెప్పు.

అమెరికాలో కన్సోల్ ఒక్కటే 449.99 డాలర్లకు, మారియో కార్ట్ వరల్డ్ అనే రేసింగ్ గేమ్‌తో కలిపిన బండిల్ 499.99 డాలర్లకు రిలీజ్ చేసిండ్రు. దాని మీద అక్కడి రాష్ట్రాన్ని బట్టి సేల్స్ ట్యాక్స్ ఉంటది. మన రూపాయల్లో కన్సోల్ 40 వేల చుట్టుపక్కల అనుకోండి, ఇక్కడ షాపులో అయితే వాళ్ళ ఖర్చు, లాభం కలుపుకుని ఎక్కువే చెప్తరు. శంషాబాద్‌లో దిగేవాళ్ళతో తెప్పించుకుంటే బిల్లు దగ్గర ఉంచుకోమనండి, డ్యూటీ ఫ్రీ లిమిట్ దాటితే కస్టమ్స్ రెడ్ ఛానల్‌లో పోయి చెప్పి కట్టేయడమే మంచిది, మనకోసం తెచ్చేటోళ్ళను ఇబ్బంది పెట్టొద్దు కదా.

కానీ అసలు ఖర్చు కన్సోల్ కాదు, గేములు. మారియో కార్ట్ వరల్డ్ విడిగ 79.99 డాలర్లు, డాంకీ కాంగ్ బనాంజా 69.99. అంటే ఒక్కో గేమ్ ఆరేడు వేలు. సంవత్సరానికి నాలుగు గేములు కొంటే ఇంకో 25 వేలు పోయినట్టే. ఈ లెక్క వేసుకోకుండా కొనొద్దు.

మా అన్న జపాన్‌లో ఉంటడు, అక్కడ చవక అంటున్నరు, తెప్పించుకోవచ్చా?

ఇది జాగ్రత్తగ చదవండి. జపాన్‌లో 2025లో 49,980 యెన్లకు రిలీజ్ చేసింది జపనీస్ భాష మోడల్. అందులో మెనూలు జపనీస్‌లోనే ఉంటయ్, ఇంగ్లీష్‌కు మార్చే ఆప్షనే లేదు, పైగా రీజియన్ జపాన్ అని పెట్టిన నింటెండో అకౌంట్ మాత్రమే దానికి లింక్ అవుతది. అన్ని భాషలుండే మోడల్ అక్కడ కూడా అప్పుడు 69,980 యెన్లు. కాబట్టి చవక అని ఆ మొదటిది తెప్పించుకుంటే ఇంట్లో ఎవరికీ చదవడానికి రాదు. అమెరికా మోడలైనా యూరప్ మోడలైనా పర్లేదు, గేమ్ కార్డులకు (గేమ్ నింపి అమ్మే చిన్న కార్డులు) రీజియన్ లాక్ లేదు, ఏ దేశంలో కొన్నవైనా నడుస్తయ్.

కరెంట్ 110 ఓల్టులది, మన దగ్గర కాలిపోతదా?

కాలిపోదు. దాని అడాప్టర్ 100 నుంచి 240 ఓల్టుల దాకా తీసుకుంటది. అమెరికా ప్లగ్ పిన్నులు చదునుగ ఉంటయ్, మన సాకెట్‌లో గట్టిగ పట్టవు, మంచి కన్వర్టర్ ప్లగ్ ఒకటి కొనుక్కోండి, వదులుగ ఊగే పది రూపాయల పిన్ను మాత్రం వద్దు. వోల్టేజ్ ఎక్కువ తక్కువ అయ్యే ఏరియా అయితే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. ఇంకోటి, పాత స్విచ్ అడాప్టర్‌తో దీన్ని డాక్‌లో (కన్సోల్‌ను టీవీకి కలిపే స్టాండు) పెట్టి టీవీలో ఆడలేరు, దీనికి 60 వాట్ల అడాప్టర్ కావాలి, బాక్స్‌లో ఇచ్చిందే వాడండి.

మొదటి రోజు ఏం చేయాలి?

పిల్లలు ఆగరు, తెలుసు. కానీ ముందు వైఫై కలిపి సిస్టమ్ అప్డేట్ చేయండి, తర్వాతే పాత గేములు పెట్టండి. పాత స్విచ్ ఉన్నోళ్ళు రెండింటినీ పక్కపక్కన పెట్టి డేటా ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చు, ఎక్కడిదాకా ఆడినమో దాచుకున్న సేవ్‌లు కూడా వస్తయ్, అది అయ్యేదాకా పాతది ఎవరికీ ఇచ్చేయకండి. స్క్రీన్ మీద పల్చగ ఒక ఫిల్మ్ అంటించి ఉంటది, అది ప్యాకింగ్ కవర్ అనుకుని పీకేయొద్దు, పగిలితే ముక్కలు చెదరకుండా కంపెనీ అంటించింది అది. స్క్రీన్ గార్డ్ వేయాలంటే దాని మీదే వేయండి.

స్క్రీన్ ఎట్లుంది?

పెద్దది, 7.9 అంగుళాలు, 1080పీ, 120 హెర్ట్జ్. 2017లో వచ్చిన మొదటి స్విచ్ 6.2 అంగుళాలు, 720పీ. రెండూ పక్కన పెట్టి చూస్తే పాతది బొమ్మ ఫోన్ లెక్క కనిపిస్తది. అక్షరాలు చదవడానికి మా నాన్నకు కూడా కళ్ళద్దాలు అవసరం పడలేదు. అయితే ఇది ఎల్‌సీడీ, ఓఎల్ఈడీ కాదు, ఓఎల్ఈడీ స్విచ్ వాడినోళ్ళకు చీకటి సీన్లల్ల నలుపు నలుపులా ఉండదు, బూడిద రంగులో ఉన్నట్టు అనిపిస్తది, స్పీడ్‌గ కదిలే సీన్లల్ల కొంచెం మసక కూడ ఉంటది. నాకు రేసుల్లో అది ఇబ్బంది పెట్టలేదు, రాత్రి లైట్లు ఆపి ఆడేటప్పుడు మాత్రం గుర్తుపట్టిన.

బరువు జాయ్-కాన్లతో (రెండు పక్కలా అతికే చిన్న కంట్రోలర్లు) కలిపి 534 గ్రాములు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో సీటు దొరికితే ఒళ్ళో పెట్టుకుని ఆడొచ్చు, నిలబడి ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని అయితే కుదరదు.

టీవీలో ఎట్ల కనిపిస్తది? మాది 4కే టీవీ.

డాక్‌లో పెడితే 4కేలో సెకనుకు 60 ఫ్రేముల దాకా, 1440పీ లేదా 1080పీలో 120 దాకా ఇస్తది, హెచ్‌డీఆర్ ఉంది. కానీ ప్రతి గేమూ అసలు 4కేలో నడవదు, లోపల ఎన్విడియా చిప్ బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో తయారు చేసి డీఎల్ఎస్ఎస్ అనే టెక్నిక్‌తో పెంచే గేములు ఉన్నయ్, దూరం నుంచి సోఫాలో కూర్చుంటే తేడా పెద్దగ తెలవదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బాక్స్‌లోనే వస్తది, అదే వాడండి. వీఆర్ఆర్ (గేమ్ వేగానికి తగ్గట్టు స్క్రీన్ వేగం మారడం) మాత్రం చేతిలో ఆడేటప్పుడే, టీవీలో లేదు. డాక్‌కు ల్యాన్ పోర్ట్ కూడ ఇచ్చిండ్రు, రౌటర్ టీవీ పక్కనే ఉంటే ఆ వైర్ గుచ్చేయండి, డౌన్‌లోడ్లకు చాలా తేడా ఉంటది.

అసలు విషయం ఇది కాదు. మా ఇంట్లో రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీ అమ్మది, సీరియళ్ళు. ఆదివారం క్రికెట్ ఉంటే నాన్నది. వేరే కన్సోల్ అయితే ఆ టైంలో మూసుకుని కూర్చోవాలి. దీన్ని డాక్‌లోంచి లేపితే ఎక్కడ ఆపినమో అక్కడి నుంచే చేతిలో నడుస్తది, బాల్కనీలో కూర్చుని ఆడుకోవచ్చు, సీరియల్ అయిపోయినంక మళ్ళీ డాక్‌లో పెడితే టీవీలోకి పోతది. స్పెసిఫికేషన్లు ఎన్ని చదివినా ఈ సుఖం అందులో కనిపించదు. టీవీ కోసం ఇంట్లో ఒక్క మాట కూడ అనుకోకుండా గడుస్తున్నయ్ సాయంత్రాలు, నాకు అన్నింటికన్నా ఇదే నచ్చింది.

జాయ్-కాన్లు మళ్ళీ పాడవుతయా?

పాత వాటి స్టిక్కులు దానంతటదే ఒకవైపు జరిగే సమస్య అందరికీ తెలిసిందే. జాయ్-కాన్ 2 స్టిక్కులు కొత్తగ డిజైన్ చేసినం అని చెప్పిండ్రు, కానీ అవి హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు (అయస్కాంతంతో పనిచేసే రకం) కావని కూడ వాళ్ళే చెప్పిండ్రు. ఇప్పటికైతే మా దగ్గర మంచిగ పనిచేస్తున్నయ్, సంవత్సరాల మాట ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. అతికే పద్ధతి మాత్రం అద్భుతం, పాత పట్టాల్లాంటి స్లైడ్ తీసేసి అయస్కాంతం పెట్టిండ్రు, దగ్గరికి తేగానే టక్‌మని అతుక్కుంటది, వెనక బటన్ నొక్కితేనే ఊడుతది. మా మేనల్లుడు ఎంత ఊపినా రాలేదు.

పాత జాయ్-కాన్లు దీనికి అతకవు కానీ వైర్‌లెస్‌గ పనిచేస్తయ్, అందుకే పారేయకండి. నలుగురు కూర్చుని మారియో కార్ట్ ఆడాలంటే పాత జత ఇప్పుడు బంగారం, ఎందుకంటే కొత్త జత అమెరికాలో 94.99 డాలర్లు. చేతిలో రింగు పట్టుకుని వ్యాయామం చేసే రింగ్ ఫిట్ గేమ్ ఆడేవాళ్ళకు కూడ పాతవే కావాలి, కొత్తవి ఆ రింగులో పట్టవు.

మౌస్ లాగ పనిచేస్తది అంటున్నరు, నిజమేనా?

నిజమే. జాయ్-కాన్‌ను పక్కకు తిప్పి టేబుల్ మీద పెట్టి జరిపితే చాలు, ప్యాంట్ తొడ మీద కూడ పట్టుకుంటది. సివిలైజేషన్ 7 లాంటి గేములకు చాలా హాయి. గంటసేపు అయితే మాత్రం సన్నగ ఉండి వేళ్ళు నొప్పి పుడతయ్.

బ్యాటరీ? కరెంట్ పోతే ఎంతసేపు వస్తది?

కంపెనీ లెక్క ప్రకారం 2 నుంచి 6.5 గంటలు, గేమ్‌ను బట్టి. బ్యాటరీ 5220 ఎంఏహెచ్. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేమ్ అయితే ఆ మొదటి నంబర్ దగ్గరే అనుకోండి, పాత చిన్న గేములు చాలాసేపు వస్తయ్. వానాకాలంలో గాలి దుమారం రాగానే మా కాలనీలో కరెంట్ పోవడం మామూలే, టీవీలో ఆడుతుంటే కన్సోల్ బ్యాటరీ మీద నడుస్తనే ఉంటది, గేమ్ పోదు, చేతిలోకి తీసుకుని ఆడుకోవడమే. పవర్ బ్యాంక్‌తో కూడ ఛార్జ్ చేయొచ్చు, పైనొకటి కిందొకటి రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు ఉన్నయ్, స్టాండ్ వేసి టేబుల్ మీద పెట్టినప్పుడు పైదాంట్లో వైర్ పెట్టుకోవచ్చు. ఎక్కువ డాక్‌లోనే ఉంచేవాళ్ళు సెట్టింగ్స్‌లో 90 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగే ఆప్షన్ ఆన్ చేసుకోండి, బ్యాటరీ ఎక్కువ రోజులు బతుకుతది.

మన ఎండాకాలానికి తట్టుకుంటదా?

ఈ ప్రశ్న ఎవరూ అడగట్లేదు, కానీ హైదరాబాద్‌లో అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోటే వాడండి అని నింటెండో చెప్తది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటుతది, పైఅంతస్తు ఇళ్ళల్ల రాత్రి కూడ గోడలు కాలుతనే ఉంటయ్. లోపల ఫ్యాన్ ఉంది, ఈసారి డాక్‌లో కూడ ఒక ఫ్యాన్ పెట్టిండ్రు, కానీ ఫ్యాన్ గదిలో ఉన్న గాలినే తిప్పుతది, గదిలో గాలే వేడిగ ఉంటే అది మాత్రం ఏం చేస్తది?

అందుకే టీవీ కింద అద్దాల తలుపుల షోకేస్‌లో డాక్ పెట్టకండి. మన ఇళ్ళల్ల అందరం అక్కడే సర్దేస్తం, దుమ్ము పడొద్దని పైన గుడ్డ కూడ కప్పుతరు అమ్మలు. ఆడేటప్పుడు ఆ గుడ్డ తీసేయాల్సిందే, వెనకా పైనా ఖాళీ ఉండాలి. మే నెల మధ్యాహ్నం పెద్ద గేములు ఆడాలంటే ఏసీ గదిలో ఆడండి, కూలర్ ఉంటే దానికి దూరంగ కూర్చోండి, తడి గాలి సూటిగ తగలకుండా చూసుకోండి. పార్క్ చేసిన కార్‌లో అస్సలు వదలొద్దు. చేతిలో పట్టుకుని ఆడితే పైన గాలి బయటికొచ్చే చోట వేళ్ళు అడ్డం పెట్టొద్దు అని పిల్లలకు చెప్పండి. రోడ్డు పక్క ఇల్లయితే నెలకోసారి మెత్తటి బ్రష్‌తో గాలి కన్నాల దగ్గర దుమ్ము దులపండి, మన దుమ్ము సంగతి చెప్పేదేముంది.

గేములు ఎట్ల కొంటున్నరు? మన కార్డులు తీసుకుంటదా?

ఇండియాకు విడిగ ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ గేమ్ షాపు) లేదు, కాబట్టి అకౌంట్ రీజియన్ అమెరికా అని పెట్టుకుని ఈషాప్ గిఫ్ట్ కార్డులతో కొనడమే చాలామంది చేసే పని. ఇంకో దారి, చుట్టాలు వచ్చేటప్పుడు గేమ్ కార్డులు తెప్పించుకోవడం, నేనైతే ఇదే చెప్తా, ఆడినంక తమ్ముళ్ళకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ బాక్స్ మీద గేమ్-కీ కార్డ్ అని రాసి ఉందేమో చూడండి, అందులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే, గేమ్ అంతా నెట్ నుంచి దించుకోవాలి, ఆడినప్పుడల్లా కార్డ్ కూడ పెట్టాలి. అమ్ముకోవచ్చు, అప్పివ్వొచ్చు, అది మంచిదే. సైబర్‌పంక్ మాత్రం మొత్తం గేమ్ 64 జీబీ కార్డ్‌లోనే ఇచ్చిండ్రు, అట్ల అందరూ ఇస్తే బాగుండు.

256 జీబీ సరిపోతదా? పాత మెమొరీ కార్డ్ పెట్టొచ్చా?

పెట్టినా గేములు అందులో పడవు. మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డ్ కావాలి, ఫోన్ షాపులో మెమొరీ కార్డ్ అని అడిగితే మామూలుదే చేతిలో పెడతరు, ప్యాకెట్ మీద ఎక్స్‌ప్రెస్ అన్న మాట చూడకుండా కొనొద్దు. పాత కార్డ్ నుంచి ఫొటోలు, వీడియోలు మాత్రం లోపలికి తెచ్చుకోవచ్చు. మొదట్లో కార్డ్ అవసరం లేదు, మొదటి స్విచ్‌లో 32 జీబీనే ఉండేది కదా, ఇది దానికి ఎనిమిదింతలు.

పాత గేములు నడుస్తయా?

చాలావరకు నడుస్తయ్, కొన్ని ఇంకా బాగ నడుస్తయ్. పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్‌కు ఉచితంగ అప్డేట్ ఇచ్చిండ్రు, పాత స్విచ్‌లో ఎంత ఆగి ఆగి నడిచేదో ఆడినోళ్ళకు తెలుసు, ఇప్పుడు నీళ్ళలా పోతున్నది. జెల్డా రెండు పెద్ద గేములకు 9.99 డాలర్ల అప్‌గ్రేడ్ ప్యాక్, ఆన్‌లైన్ మెంబర్‌షిప్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ఉన్నోళ్ళకు అది కలిసే వస్తది. చేతిలో డబ్బు తక్కువున్నోళ్ళు పాత గేములు సెకండ్ హ్యాండ్ కొనుక్కుని ఇందులో ఆడండి, ఒక సంవత్సరం హాయిగ గడుస్తది.

సీ బటన్ ఎందుకు?

గేమ్‌చాట్. ఆడుకుంటూ మాట్లాడుకోవడానికి, 12 మంది దాకా మాట్లాడొచ్చు, కెమెరా పెట్టుకుంటే మొహాలు కూడ కనిపిస్తయ్. మైక్ కన్సోల్‌లోనే ఉంది, టీవీ దగ్గర పెట్టినా సోఫాలోంచి మాట్లాడితే వినిపిస్తది. బావ వాళ్ళకు పొద్దున అయితే మాకు రాత్రి, వాళ్ళ పిల్లలు, మా పిల్లలు కలిసి రేసులు పెట్టుకుంటున్నరు. ఇంతకుముందు వీడియో కాల్‌లో హాయ్ చెప్పి రెండో నిమిషానికే పారిపోయేటోళ్ళు, ఇప్పుడు పడుకోమంటే పడుకోవట్లేరు, డల్లాస్ పిల్లలకు తెలుగు మాటలు కూడ వస్తున్నయ్. మా అత్తమ్మ అయితే వెనక కూర్చుని మనవళ్ళ గొంతు వింటూ ఉంటది. 2026 మార్చి 31 దాకా ఇది ఫ్రీ అని పెట్టిండ్రు, ఆ తర్వాత ఆన్‌లైన్ మెంబర్‌షిప్ కావాలి. 16 ఏళ్ళలోపు పిల్లలకు అమ్మానాన్న ఫోన్ యాప్‌లో ఒప్పుకుంటేనే చాట్ తెరుచుకుంటది, ఆ యాప్‌లోనే రోజుకు ఎంతసేపు ఆడాలో కూడ పెట్టొచ్చు, పరీక్షల టైంలో పనికొస్తది.

పీఎస్5 కొనాలా ఇది కొనాలా?

సోనీ వాళ్ళ కన్సోల్ పీఎస్5 స్లిమ్ ఇండియాలో అఫీషియల్‌గా దొరుకుతది, 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ 44,990. వారంటీ ఇక్కడే, సర్వీస్ ఇక్కడే, గేములు రూపాయల్లో. గ్రాఫిక్స్‌లో దాని ముందు స్విచ్ 2 నిలబడదు. ఫుట్‌బాల్, జీటీఏ, పెద్ద సినిమా లాంటి గేములు కావాలంటే, సొంతంగ టీవీ ఉంటే, పీఎస్5 కొనండి, నేను అడ్డం చెప్పను. ఇంట్లో ఆరేళ్ళ పాపతో పాటు అరవై ఏళ్ళ నాన్న కూడ ఆడాలి, దసరాకు కజిన్స్ అందరూ దిగితే హాల్లో గోల గోల కావాలి, ఊరికి పోతే బ్యాగులో పెట్టుకుని పోవాలి అంటే మాత్రం ఇదే. మారియో కార్ట్‌లో ఒకే టీవీలో నలుగురు ఆడొచ్చు, స్టీరింగ్ సాయం ఆన్ చేస్తే మొదటిసారి పట్టుకున్నోళ్ళు కూడ రోడ్డు మీదే ఉంటరు. బతుకమ్మ రోజు ఆట అయిపోయి వచ్చినంక మా పిన్ని మొదటిసారి కంట్రోలర్ పట్టుకుని మమ్మల్ని ఓడించింది, ఆ సంతోషం ఏ గ్రాఫిక్స్ ఇయ్యవు.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ డబ్బు ఇచ్చేముందు అక్కడే వైఫైకి కలిపి ఈషాప్ తెరవండి. పైరసీ కార్డులు వాడిన కన్సోల్‌కు నింటెండో ఆన్‌లైన్ సర్వీసులు ఆపేస్తది, అట్లాంటిది చవకగ వస్తే నెట్ పనిచేయని పెట్టె చేతిలో మిగులుతది, అప్డేట్లు తప్ప ఆన్‌లైన్‌లో ఏదీ నడవదు. రెండు స్టిక్కులూ సెట్టింగ్స్‌లో తిప్పి చూడండి, డాక్‌లో పెట్టి టీవీలో బొమ్మ వస్తదా చూడండి, భాష మార్చి చూడండి, పాత ఓనర్ అకౌంట్ తీసేసిండా చూడండి. షాపాయన తొందరపెడితే పక్క షాపుకు పోండి.

పాడైతే ఎట్ల?

ఇదొక్కటే నాకు నిజంగ దిగులు. కొన్న దేశంలోనే వారంటీ, అంటే మళ్ళీ ఎవరో పట్టుకుని పోవాలి. ఇక్కడ బయట రిపేర్ చేసేవాళ్ళు ఉన్నరు కానీ కొత్త మోడల్ కాబట్టి స్పేర్లు దొరకడమే కష్టం. అందుకే కొన్న రోజే గట్టి కేస్, స్క్రీన్ గార్డ్ కొనండి, జాయ్-కాన్ విడిగ పట్టుకుని ఊపే గేముల్లో చేతికి స్ట్రాప్ వేసుకోండి. తెచ్చినవాళ్ళు ఇంకా కొన్ని రోజులు ఇక్కడ ఉండి తిరిగి పోతుంటే, వాళ్ళు ఉన్నప్పుడే అన్ని బటన్లు, డాక్, ఛార్జింగ్, స్పీకర్లు, గేమ్ కార్డ్ స్లాట్ పూర్తిగ పరీక్షించండి, ఏదైనా తేడా ఉంటే వాళ్ళతోనే వెనక్కి పంపొచ్చు.

ఏ గేమ్‌తో మొదలు పెట్టాలి?

బండిల్ దొరికి తెప్పించుకుంటే మారియో కార్ట్ వరల్డ్ కలిసే ఉంటది, విడిగ కొనడం కన్నా 30 డాలర్లు తక్కువ పడ్తది, కాబట్టి అదే. ఒక రేసులో 24 మంది ఉంటరు, నాకౌట్ టూర్ అనే మోడ్ ఉంది, చెక్‌పాయింట్ చెక్‌పాయింట్‌కు వెనకబడినోళ్ళు బయటికి పోతనే ఉంటరు, చివరికి వచ్చేసరికి ఇల్లంతా లేచి నిలబడ్తది. ఒక్కరే ఆడుకోవాలంటే డాంకీ కాంగ్ బనాంజా, 2025 జూలై 17న వచ్చింది, గోడ, నేల, కొండ ఏది కనిపిస్తే అది గుద్ది పగలగొట్టొచ్చు, ఆఫీస్ నుంచి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన రోజు అరగంట ఆడండి చాలు. మూడోది తొందరపడి కొనొద్దు, ఈ రెండూ పూర్తిగ ఆడి, పాత గేముల్లో మిస్ అయినవి చూసుకుని, అప్పుడు ఎవరైనా అమెరికా నుంచి వస్తున్నరేమో కనుక్కోండి.